ఎండకు మిత్తి ఎంత?

2024 ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున హన్మకొండలో మా ఇంటికి సోలార్ కంపెనీ అబ్బాయి వచ్చాడు. చెప్పులు గడప బయట విప్పి, సోఫా అంచున కూర్చుని, సంచిలోంచి ట్యాబ్ తీశాడు. అందులో మా వీధి, మా డాబా. ఆకాశం నుంచి తీసిన ఫొటో. దాని మీద వేలితో నీలం పలకలు ఒక్కొక్కటే పరిచాడు. మొత్తం ఆరు. "మూడు కిలోవాట్లు సార్. రోజుకు పన్నెండు యూనిట్లు, పాతికేళ్లు ఢోకా లేదు."

బాపు కళ్లద్దాలు సర్దుకుని ట్యాబ్‌ను దగ్గరికి లాక్కున్నాడు. "ఈ ఫొటోల మా పైరూము లేదు కద బిడ్డా. కట్టి మూడేండ్లాయె." అబ్బాయి నవ్వి రెండు పలకలు పక్కకు జరిపాడు. బాపు రెండో ప్రశ్న వేశాడు. "సరే గని, మిత్తి ఎంత పడ్తది?"

ప్యానెల్ గ్యారంటీ, సబ్సిడీ, ఇన్వర్టర్ కంపెనీ, ఇవన్నీ నోటికి వచ్చిన అబ్బాయి ఈ ప్రశ్న దగ్గర ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పాడు. "అది బ్యాంకు వాళ్లు చెప్తరు సార్" అన్నాడు.

వడ్డీని మా వైపు మిత్తి అంటారు. బాపు ముప్పై ఏళ్లు ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. పత్తి, మిర్చి తెచ్చిన రైతులకు తక్‌పట్టీలు, అంటే అమ్మకం చీటీలు, రాసిన చేయి. క్వింటాలుకు ఎంత పలికిందో పట్టీలో పైన ఉంటుంది. రైతు మాత్రం కిందికి చూస్తాడు, తెచ్చుకున్న అప్పు, దాని మిత్తి పోను చేతికి ఎంత మిగిలిందో అక్కడ ఉంటుంది కాబట్టి. సోలార్ గురించి ఇంటర్నెట్లో నేను చదివినవన్నీ పట్టీలో పై గీతలే అని నాకు ఆ రోజు అర్థమైంది. ఏ ప్యానెల్ మంచిది, ఎన్ని వాట్లది, ఏ యాప్‌లో ఏం కనపడుతుంది. కింది గీత గురించి రాసినవాళ్లు తక్కువ. అందుకే ఈ వ్యాసం.

ముందు మా ఇంటి లెక్క చెప్తాను. ఎండాకాలం మా వాడకం నెలకు 400 యూనిట్లు. వాడకం 200 దాటితే మొదటి 200 యూనిట్లకు యూనిట్‌కు 5.10, ఆ పైన వందకు 7.70, ఇంకో వందకు 9 రూపాయలు. కలిపితే 2,690 రూపాయలు, చిల్లర చార్జీలు అదనం. మూడు కిలోవాట్లు పెడితే నెలకు దాదాపు 360 యూనిట్లు వస్తాయి, అంటే బిల్లులో సుమారు 2,600 తగ్గుతుంది. వర్షాకాలంలో అంత ఉండదు, ఆ సంగతి తర్వాత. మాకు చెప్పిన ధర 1,98,000. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ. మిగిలిన 1,20,000 మన నెత్తిన.

ఈ లక్షా ఇరవై వేలు ఎక్కడి నుంచి తెస్తామన్నదే అసలు విషయం. బ్యాంకు 7 శాతానికి ఇచ్చింది. పదేళ్లకైతే కిస్తీ 1,393, ఐదేళ్లకైతే 2,376. రెండింట్లో ఏదైనా తగ్గిన బిల్లులోంచే కట్టేయొచ్చు. అదే డబ్బు ఊర్లో నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చామనుకోండి. నెలకు మిత్తే 2,400. అసలు అసలులాగే ఉంటుంది. ఐదేళ్లలో అసలుతో సహా తీర్చాలంటే నెలకు 3,450 పైన కట్టాలి. ప్యానెల్, డాబా, ఎండ ఏవీ మారలేదు. ఒక ఇంట్లో మిగులు, పక్కింట్లో ఊబి.

బొగ్గు కరెంటుకు ఈ బాధ ఇంతగా ఉండదు. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ ప్లాంటు 1,100 మెగావాట్లది. దానికీ అప్పు ఉంటుంది కానీ, ఖర్చులో పెద్ద వాటా రోజూ కాల్చే బొగ్గు. కాల్చిన నాడే ఖర్చు. సోలార్ అట్లా కాదు, పాతికేళ్ల బొగ్గు మొదటి రోజే కొని డాబా మీద పెట్టుకున్నట్టు. ఆ తర్వాత ఇంధనానికి పైసా ఖర్చు లేదు, ఉన్నదంతా మొదట పెట్టిన డబ్బుకు మిత్తే. అందుకే సోలార్‌ను నేను కరెంటు వస్తువు అనుకోవడం మానేశాను. అది మిత్తి వస్తువు.

పెద్ద కంపెనీలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద తేలే సోలార్ ప్లాంటు 2022 జులై 1 నాటికి పూర్తి సామర్థ్యంతో మొదలైంది. 100 మెగావాట్లు, 423 కోట్లు, నీళ్ల మీద 500 ఎకరాలు. నలభై బ్లాకులు, ఒక్కో దాంట్లో 11,200 ప్యానెళ్లు. అంత పెద్ద సంస్థకు అప్పు కోసం గుమ్మం గుమ్మం తిరగాల్సిన పని ఉండదు. ఏ బ్లాకు ఎన్ని యూనిట్లిచ్చిందో కంప్యూటర్‌లో నిమిషాల లెక్కన నమోదవుతుంది. ఆ లెక్క చూసే, కొనేవాడు పాతికేళ్లు కొంటానని రాసిచ్చిన కాగితం చూసే అప్పిచ్చేవాళ్లకు ధైర్యం. ధైర్యం పెరిగిన కొద్దీ మిత్తి తగ్గుతుంది.

ఎవరు తక్కువ ధరకు సోలార్ కరెంటు ఇస్తామంటే వాళ్లకే ప్లాంటు దక్కే రివర్స్ వేలం గురించి బాపుకు చెప్తే భలే సరదా పడ్డాడు. మార్కెట్లో ధర పైకి పాడతారు, ఇక్కడ కంప్యూటర్ తెర మీద కిందికి పాడతారు. 2010 చివర్లో జాతీయ సోలార్ మిషన్ మొదటి వేలంలో యూనిట్ 11, 12 రూపాయల దగ్గర ఉంది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44కు, 2020 డిసెంబర్‌లో గుజరాత్‌లో 1.99కు దిగింది. ప్యానెళ్ల ధర పడిపోవడం దీనికి పెద్ద కారణం, కాదనను. అయితే ఎవరు ఎంత తక్కువ మిత్తికి డబ్బు తేగలరన్న పోటీ కూడా ఆ తెర మీద నడిచింది. "అంటే తక్కువ మిత్తి ఉన్నోడే గెలిచిండన్నట్టు" అన్నాడు బాపు. అంతే.

ఇక మనలాంటి చిన్నవాళ్ల సంగతి. ఫోన్ వల్ల మేలు జరగలేదని అనను, చాలా జరిగింది. ఒకప్పుడు డాబా మీద సోలార్ కావాలంటే ఏ ఆఫీసుకు పోవాలో కూడా తెలిసేది కాదు. ఇప్పుడు పోర్టల్‌లో సర్వీస్ నంబర్ కొడితే మొదలవుతుంది. పది కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన పేరుతో ఆగాల్సిన పని లేదు. సబ్సిడీ నేరుగా ఖాతాలో పడుతుంది, మధ్యలో ఎవరి చేయీ తడపక్కర్లేదు. మాకు పడింది కూడా. కాకపోతే మాకు రెండు నెలలు ఆలస్యమైంది. తప్పు మాదే. మా కరెంటు సర్వీస్ తాత పేరు మీద ఉంది. తాత పోయి పదకొండేళ్లు. ఇన్నేళ్లూ బిల్లు ఆయన పేరు మీద వస్తుంటే చూసి మురిసిపోవడమే తప్ప మార్చుకోవాలన్న సోయి ఎవరికీ లేదు. మీది కూడా అట్లాగే ఉందేమో ఒకసారి చూసుకోండి. డెత్ సర్టిఫికెట్ ఎక్కడుందో వెతకడానికే మాకు వారం పట్టింది. ట్రంకు పెట్టెలో, తాత పాత రేడియో రసీదుకు పిన్ను కొట్టి ఉంది.

చిన్నాయన కథ వేరు. పరకాల దగ్గర ఊర్లో ఉంటాడు. ఐదెకరాలు, కొత్తగా కట్టిన డాబా ఇల్లు, కొడుకు పెట్టించిన ఏసీ. మాకు బిల్లు తగ్గిందని తెలిసి తనూ పెట్టిస్తానన్నాడు. తమ్ముడు ఫోన్‌లోనే లోన్‌కు దరఖాస్తు పెట్టాడు. నాలుగు నిమిషాల్లో కుదరదని వచ్చింది. సిబిల్ స్కోరు, అంటే పాత అప్పులు ఎట్లా కట్టామో చూసి వేసే మార్కు, తక్కువట. ఎందుకు తక్కువ? పంట రుణం మాఫీ అవుతుందని అందరూ చెప్తుంటే రెన్యువల్ చేయకుండా ఆగాడు. 2024 జులై, ఆగస్టుల్లో రెండు లక్షల దాకా మాఫీ అయింది, చిన్నాయనదీ అయింది. బాకీ అయితే పోయింది, కిస్తీ దాటిపోయిన మచ్చ మాత్రం రికార్డులో మిగిలింది.

"మనిషైతే ఎందుకిస్తలేనో జెప్తుండె. అడిగితే ఇంకో దారి జూపిస్తుండె" అన్నాడు చిన్నాయన. ఊర్లో ఆయన మాట మీద లక్ష రూపాయలు కాగితం లేకుండా ఇచ్చేవాళ్లున్నారు, రెండు రూపాయల మిత్తికి. ఆ మిత్తికి సోలార్ గిట్టదని పైన లెక్క చూశాం. ఉత్తర తెలంగాణలో మాఫీ కోసం ఆగిన ఇళ్లు చిన్నాయనదొక్కటే కాదు కదా. ప్రభుత్వం ఒక చేత్తో మాఫీ మాట ఇచ్చి ఆగేలా చేస్తుంది, యంత్రం ఇంకో చేత్తో ఆగినందుకు శిక్ష వేస్తుంది. యంత్రానికి పగ లేదు, నిజమే. దానికి తేదీలు తెలుసు, యాసంగి తెలియదు.

సోలార్ అబ్బాయి ట్యాబ్ పట్టుకుని అసలు వెళ్లని ఇళ్లు ఇంకా ఎక్కువ. 2024 మార్చి నుంచి తెల్ల కార్డున్న ఇంటికి 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. మా పక్కింటి వదినె నెలాఖరు వారం మీటర్ దగ్గరికి పోయి అంకెలు చూసి వస్తుంది. 185 దాటితే ఇంట్లో ఇస్త్రీ బంద్. రీడింగ్ తీసే అబ్బాయి ఒక రోజు ఆలస్యమైతే ఆమెకు టెన్షన్, 201 అయిందా మొత్తం కట్టాలి. అట్లాంటి ఇంటికి సోలార్ ఎందుకు? బిల్లే లేనప్పుడు తగ్గేదేముంది? నేను ఉచిత కరెంటుకు వ్యతిరేకం కాదు, వదినె ఇంట్లో ఆ ఆరేడు వందలు పిల్లల ఫీజుకు పోతున్నాయి. కాకపోతే ఆ డబ్బు ఎవరో ఒకరు కడుతున్నారు కదా. నెలకు 150 యూనిట్లు వాడే ఇంటి బిల్లు మామూలుగా 580 రూపాయలు, ఏడాదికి దాదాపు 7,000. ప్రభుత్వం ఏటా కట్టే ఈ ఏడు వేలను చూపించి పదేళ్ల అప్పు తెచ్చి, అదే డాబా మీద కిలోవాటున్నర ప్యానెళ్లు పెట్టించొచ్చు. వదినెకు కరెంటు అప్పుడూ ఉచితమే. వీళ్ల దగ్గర లేనిది తక్కువ మిత్తికి అప్పు పుట్టే పేరు. ప్రభుత్వానికి అదుంది.

పొలాల దగ్గర కథ మరీ చిత్రం. వ్యవసాయానికి కరెంటు 2004 నుంచి ఉచితం, 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. అందుకే రైతు సోలార్ పంపు వైపు చూడడు. అట్లా అని రైతుకు కొత్త టెక్నాలజీ పట్టదని అనుకుంటే పొరపాటే. మొబైల్ స్టార్టర్ చూడండి. రాత్రి కరెంటు వచ్చే రోజుల్లో టార్చి పట్టుకుని గట్ల మీద పోయి, పాము కాటుకో తడి స్టార్టర్ షాక్‌కో పోయినవాళ్లు మా ఊర్లలో ఉన్నారు. సిమ్ కార్డు వేసిన స్టార్టర్ రాగానే మంచం మీద నుంచే ఫోన్ కొట్టి మోటర్ వేయడం మొదలుపెట్టారు. వాడకం నేర్పడానికి ఎవరూ అవగాహన సదస్సు పెట్టలేదు. అదే రైతు మోటర్లకు మీటర్లు అన్న మాట వింటే మాత్రం భగ్గుమంటాడు. రెండూ కరెంటు పెట్టెలే, రెండూ లెక్క పెట్టేవే. స్టార్టర్ రైతు చేతిలో ఉంటుంది, మీటర్ లెక్క ఇంకొకరి చేతికి పోతుంది. తేడా అక్కడుంది.

లెక్క ఇంకొకరి చేతికి పోతే ఎట్లుంటుందో మాకు అనుభవమే. మా ఇన్వర్టర్‌కు కింద వేలెడంత డాంగిల్ ఒకటి ఉంటుంది. ఇంట్లో వైఫై పట్టుకుని ఎన్ని యూనిట్లు తయారయ్యాయో యాప్‌కు పంపుతుంది. పెట్టించిన రోజు ఫిట్టింగ్ చేసిన అబ్బాయి తన ఫోన్‌లోనే, తన మెయిల్‌తోనే ఖాతా తెరిచాడు. "తర్వాత మీకు మారుస్తా అన్నా" అన్నాడు. ఆరు నెలలకు ఆ అబ్బాయి ఉద్యోగం మానేశాడు, ఫోన్ కలవదు. మా డాబా మీద పడే ఎండ లెక్క ఎక్కడో ఒక పాత ఫోన్‌లో ఉంది. ఆ తర్వాత మేం వైఫై మార్చాం. కొత్తది 5 గిగాహెర్ట్జ్ మీద ఉంది, డాంగిల్ 2.4 మాత్రమే పట్టుకుంటుందని తెలియడానికి నాకు రెండు శనివారాలు పట్టింది. అప్పటిదాకా ఎర్ర లైటు ఒకటే మిణుకు మిణుకు.

బాపు ఇవేవీ పట్టించుకోలేదు. అడ్తి దుకాణం నాటి అలవాటు, ఎర్ర గుడ్డ అట్ట ఖాతా పుస్తకం ఒకటి తీశాడు. రోజూ సాయంత్రం ఆరున్నరకు మెట్లెక్కి, ఇన్వర్టర్ మీద బటన్ నొక్కి, ఆ రోజు యూనిట్లు రాస్తాడు. పక్కన ఒక ముక్క. "మబ్బు." "దుమ్ము, కడిగిన." "కోతులు." కోతుల గురించి ట్యాబ్‌లో ఏమీ లేదు కానీ, వరంగల్‌లో డాబా మీద ఏది పెట్టినా ముందు వాటికి చూపించి పెట్టాలి. ఒకసారి ఎర్తింగ్ వైరు పీకేశాయి. "కరెంటు లేదు, 3 గంటలు" అని కూడా కొన్ని రోజులుంటాయి. లైన్‌లో కరెంటు పోతే మన ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన డాబా కరెంటు తగలకుండా అట్లా చేస్తారు. నెత్తిన ఎండ మండుతుంటే ఫ్యాన్ తిరగలేదని మా ఇంటికి వచ్చిన చుట్టాలు నవ్వుకుని పోయారు. బ్యాటరీ పెట్టుకుంటే తిరుగుతుంది, దానికి మళ్లీ ఇంకో అప్పు, ఇంకో మిత్తి.

ఆ పుస్తకం చూస్తుంటే నాకొకటి తట్టింది. బాపు రాసింది అప్పిచ్చేవాడికి కావాల్సిన కాగితమే కదా. ఈ డాబా మార్చిలో నాలుగు వందల పైన, జులైలో మూడు వందల లోపు ఇస్తుందని అందులో ఉంది. ఆ లెక్కను నమ్మి, చిన్నాయన లాంటి వాళ్లకు పాత మచ్చ చూసి కాకుండా రాబోయే యూనిట్లు చూసి అప్పు ఎందుకివ్వకూడదు? పంట రుణం పంట చేతికి వచ్చినప్పుడు తీరుస్తాం. సోలార్ కిస్తీ మాత్రం జులైలోనూ మార్చిలోనూ ఒకటే. ముసురు పట్టిన నెల తక్కువ, ఎండ కాసిన నెల ఎక్కువ కట్టేలా కిస్తీ పెట్టడం పెద్ద విద్యేం కాదు, డాంగిల్‌లో ఆ లెక్క రోజూ పోతూనే ఉంది. ఇప్పుడు దాన్ని వాడుతున్నది మాకు పొద్దున్నే "నిన్న మీరు ఇన్ని చెట్లు నాటినట్టు" అని మెసేజ్ పంపడానికి. నాకా చెట్ల బొమ్మ అంటే చిరాకు.

భయం కూడా ఉంది. ఫోన్ లెక్క, సులువు అప్పు, రెండూ కలిసినప్పుడు ఏమైందో మనం చూశాం. మైక్రో ఫైనాన్స్ వాళ్ల వారం వారం వసూళ్లు తట్టుకోలేక ఊళ్లు ఏడిస్తే 2010 అక్టోబర్‌లో ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. పదేళ్లకు లోన్ యాప్‌లు కాంటాక్టులన్నీ లాక్కుని చుట్టాలకు ఫోన్లు చేశాయి. 2022లో రిజర్వ్ బ్యాంక్ నియమాలు పెట్టాక అసలు మిత్తి ఏడాదికి ఎంతో ముందే ఒక కాగితంలో చూపాలి, ఫోన్‌లోని కాంటాక్టులు ముట్టుకోకూడదు. సోలార్ అప్పులూ ఆ దారి పట్టకూడదంటే యూనిట్ల లెక్క మొదట ఇంటివాళ్ల పేరు మీద, ఇంటివాళ్ల ఫోన్‌లో ఉండాలి. చూపించాలో వద్దో వాళ్ల ఇష్టం.

నమ్మకంతో అప్పు నడపడం మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. ముల్కనూరు సహకార సంఘం 1956 నుంచి రైతులకు అప్పులిస్తోంది. సిరిసిల్లలో కరెంటు పంచేదే సహకార సంఘం, 1970 నుంచి. ఇప్పుడు మహిళా సంఘాలతో 1,000 మెగావాట్ల సోలార్ పెట్టిస్తామని ప్రభుత్వం 2024 చివర్లో ప్రకటించింది. పొదుపు సంఘాల్లో ఒకరి కిస్తీకి పది మంది పూచీ. ఏ స్కోరూ దానికి సాటి రాదని నా నమ్మకం. కానీ ఇక్కడా మిత్తి లెక్కే. ఒక మెగావాటుకు సుమారు మూడు కోట్లు కావాలి. ఏడాదికి పదిహేను లక్షల యూనిట్లు వచ్చాయనుకుంటే, రైతుల సోలార్ కోసం కేంద్రం పెట్టిన కుసుమ్ పథకం రేటు 3.13 చొప్పున 47 లక్షలు. పూర్తిగా అప్పు తెస్తే 9 శాతానికి మొదటి ఏడాది మిత్తి 27 లక్షలు, 12 శాతానికి 36 లక్షలు. ఆ మూడు శాతం తేడాలోనే సంఘం అక్కల లాభం మొత్తం ఉంది. రిబ్బన్ కట్ చేసే రోజు ఫొటోలు బాగానే వస్తాయి, ఎంత శాతానికి తెచ్చారో మాత్రం పేపర్లో రాదు. మీ ఊర్లో పెడితే అది అడగండి.

మా అప్పు రెపో రేటుకు, అంటే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే మిత్తికి, ముడిపడి ఉంది. 2025లో రెపో నాలుగుసార్లు తగ్గి 6.5 నుంచి 5.25కు వచ్చింది. బాపుకు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ ఎవరో తెలియదు కానీ, ఖాతా పుస్తకం వెనక పేజీలో ఆ నాలుగు తేదీలూ ఉన్నాయి.

మొన్న ఎదురింటి సార్ వాళ్లకు ఇంకో కంపెనీ వాళ్లు ట్యాబ్ పట్టుకుని వచ్చారు. సార్ వాళ్లను వరండాలో కూర్చోబెట్టి మా ఇంటికి వచ్చాడు. "మీ పుస్తకం ఒకసారి ఇస్తరా?" బాపు తుడిచి మరీ ఇచ్చాడు. సార్ నిలబడే పేజీలు తిప్పి మే నెల దగ్గర ఆగాడు.

"ఎండలు దంచేటప్పుడు ఏప్రిల్ కన్నా తక్కువెందుకొచ్చిందే?"

"ప్లేటు కాలితే అది గూడ సగం పని జేస్తది" అన్నాడు బాపు. సగం కాదు, వేడి డిగ్రీ పెరిగితే తగ్గేది ఒక్క శాతంలో మూడో వంతు పైచిలుకు అని నేను చెప్పబోయాను. అప్పటికే సార్ పేజీ తిప్పి వెనక్కి పోయాడు, మిత్తి రాసిన చోటికి.